పసుపు కొమ్ము నుంచి కర్క్యుమిన్ గుళిక దాకా: దీర్ఘకాలిక వాడకం, ఔషధాలతో పరస్పర చర్య

తెనాలికి దక్షిణాన చుండూరు, ఉత్తరాన దుగ్గిరాల. దుగ్గిరాల పసుపు యార్డు పేరు తెలియని రైతు ఈ ప్రాంతంలో అరుదు. గడపకు పూసేదీ, కూరలో వేసేదీ, దగ్గు వస్తే పాలలో కలిపి ఇచ్చేదీ పసుపే. ఇంతగా అలవాటైన పదార్థం హాని చేయగలదన్న అనుమానం ఎవరికీ రాదు. ఆ నమ్మకమే దుకాణంలో అమ్మే కర్క్యుమిన్ గుళికకూ సంక్రమించింది. అయితే ఈ రెండూ ఒకటి కావు.

పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. రోజంతటి వంటలో 3 గ్రాముల పసుపు తిన్నా అందేది దాదాపు 90 మిల్లీగ్రాములు. 95 శాతం గాఢత గల 500 మిల్లీగ్రాముల గుళికలో ఉండేది 475 మిల్లీగ్రాములు. అంటే సుమారు 16 గ్రాముల పసుపులోని సారం. ఆహారంలో కలిపే రంగుగా కర్క్యుమిన్‌కు అంతర్జాతీయ నిపుణుల సంఘం నిర్ణయించిన రోజువారీ పరిమితి కిలో శరీర బరువుకు 3 మిల్లీగ్రాములు. 60 కిలోల వ్యక్తికి అది 180 మిల్లీగ్రాములే.

మోతాదు కన్నా ముఖ్యమైనది శోషణ. కర్క్యుమిన్‌ను పేగులు, కాలేయం త్వరగా మార్చి బయటికి పంపుతాయి. 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు మిరియాలలోని పైపరిన్‌ను 20 మిల్లీగ్రాములు ఇస్తే దాని జీవలభ్యత 2000 శాతం పెరిగినట్లు 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు ప్రకటించారు. అప్పటినుంచి పైపరిన్ చేర్చిన గుళికలు విస్తరించాయి. మిరియాల చారును ఇందుకు పూర్వప్రమాణంగా చూపడం పరిపాటి. చారులో పడేది చిటికెడు పసుపేనన్న సంగతి మాత్రం మరుగున పడుతుంది.

పైపరిన్ ప్రభావం కర్క్యుమిన్‌కే పరిమితం కాదు. అనేక ఔషధాలను విచ్ఛిన్నం చేసే సి.వై.పి.3ఎ4 ఎంజైమును, ఔషధాలను కణాల నుంచి వెలికి నెట్టే పి-గ్లైకోప్రోటీన్‌ను కూడా అది నిరోధిస్తుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ స్థాయి రక్తంలో పెరగడం మానవ ప్రయోగాలలోనే కనిపించింది. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్‌పై నిలకడగా ఉన్న ఒక రోగి పసుపు ఉత్పత్తి మొదలుపెట్టిన కొద్ది వారాలకే ఐ.ఎన్.ఆర్. 10 దాటిందని న్యూజిలాండ్ ఔషధ భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. సాధారణంగా వార్ఫరిన్ రోగులలో దానిని 2, 3 మధ్య ఉంచుతారు.

ఇతర ఔషధాల ప్రమేయం లేకుండానే కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలోని ఔషధజనిత కాలేయ హాని పరిశోధన బృందం పసుపుతో ముడిపడిన 10 కేసులను 2022లో ప్రచురించింది. వారిలో ఐదుగురు ఆసుపత్రిలో చేరారు, ఒకరు మరణించారు. ఏడుగురిలో హెచ్.ఎల్.ఎ.-బి*35:01 జన్యురూపం కనిపించింది. కనుక ఇది అందరికీ జరిగేది కాదు. ఎవరికి జరుగుతుందో వాడేవారికి ముందుగా తెలియదు. హాని సాధారణంగా ఒకటి నుంచి నాలుగు నెలల వాడకం తర్వాత బయటపడుతుంది. అందువల్ల కామెర్లు వచ్చేనాటికి గుళికపై అనుమానం పోదు.

బి.పి., చక్కెర వ్యాధి, గుండె మాత్రలు వాడే వృద్ధులను వైద్యుడు “ఇంకేమైనా మందులు వాడుతున్నారా?” అని అడిగితే “లేదండీ” అన్న జవాబే వస్తుంది. పసుపు వారి లెక్కలో మందు కాదు. పొడులు, కషాయాలు, గుళికలు ఏమేమి, ఎప్పటినుంచి తీసుకుంటున్నారో పేరుపేరునా అడిగినప్పుడే ఆ సీసా సంగతి బయటికి వస్తుంది.