చలికి పొంగని ఇడ్లీ పిండి: పారబోసే ముందు ఒకసారి గరిటె పెట్టి చూడండి

ధనుర్మాసం వచ్చిందంటే హొసకోటెలోని మన తెలుగు ఇళ్లలో పొద్దున్నే వినిపించే మాట, "పిండి పొంగలేదు". విజయవాడ నుంచో నెల్లూరు నుంచో కొత్తగా వచ్చిన కోడళ్లకైతే మరీ అయోమయం. అక్కడ రాత్రి రుబ్బి పెడితే తెల్లారేసరికి గిన్నె అంచు దాటే పిండి, ఇక్కడ పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. పోయిన సంక్రాంతికి చుట్టాలు దిగిన పొద్దున మేమూ అలాంటి పిండిని చెడిపోయిందనుకుని సింకులో పోసేశాం. దానికి కావలసింది ఇంకో నాలుగైదు గంటలు, కాస్త వెచ్చదనం. అంతే.

మన ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో వేడి 15 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. పిండిని పొంగించేది ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా. అది ఉద్దిపప్పుతోనే పిండిలోకి వస్తుంది, చక్కెరలు తిని గాలి వదులుతుంది. పప్పు జిగురు ఆ గాలిని పట్టి ఉంచుతుంది. 30 డిగ్రీల దగ్గర ఇది హుషారుగా ఉంటుంది. చలిలో చావదు, మందగిస్తుంది. బీరు చేసేవాళ్లకు ఈస్టుతోనూ ఇదే తంటా. వాళ్లు గంటలు లెక్కపెట్టరు, ఇంకా చక్కెర ఎంత మిగిలిందో హైడ్రోమీటరుతో కొలిచి చూస్తారు. (కర్ణాటకలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయకూడదు కాబట్టి మనం ఇడ్లీ దగ్గరే ఆగుదాం.)

మనకు హైడ్రోమీటరు బదులు గరిటె ఉంది. ఒక పక్కగా పిండి ఎత్తి చూడండి. లోపల సన్నని బుడగలు కనిపిస్తే పని మొదలైనట్టే, ఆగండి. బుడగలూ లేవు, పులుపు వాసనా లేదంటే అది చలి. పుల్లటి వాసన వచ్చి కూడా పొంగకపోతే తప్పు వేరే చోట ఉంది: పప్పు పాతదైనా కావచ్చు, పిండి పలచనైనా కావచ్చు. గాలి పుట్టింది కానీ నిలవలేదు. అలాంటి పిండిని ఎంతసేపు ఉంచినా పులుపు పెరగడమే తప్ప ఇడ్లీ రాదు. దోసెలు పోసేయండి.

చలికి ఆగిన పిండికి మేము చేసేది ఇది. పెద్ద గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి, అందులో పిండి గిన్నె దించి, పైన దుప్పటి కప్పుతాం. నీళ్లు చెయ్యి పెట్టగలిగేంత వెచ్చగా ఉండాలి, అంతకు మించితే ఆ బ్యాక్టీరియాకే ముప్పు. ఓవెన్ ఉన్నవాళ్లు వేడి పెట్టకుండా లోపలి బల్బు మాత్రం వేసి ఉంచినా చాలు. పాత పిండి ఒక గరిటెడు ఉంటే కలపండి. పెరుగు కలిపితే పులుపు వస్తుంది కానీ పెద్దగా పొంగదు. వంటసోడా వేస్తే ఇడ్లీ ఉబ్బుతుంది, నిజమే. పులిసిన రుచి మాత్రం రాదు, చిటికెడు ఎక్కువైతే సబ్బు వాసన.

ఈ నెలల్లో పప్పుతో పాటు చెంచాడు మెంతులు నానబెట్టండి. గ్రైండర్‌లో చన్నీళ్లు వద్దు. వేసవిలో మోటారు వేడికని పోసే ఐసు నీళ్లు ఇప్పుడు మనకు శత్రువులు. ఉప్పు పొంగిన తర్వాతే వేస్తాం. రాత్రి తొమ్మిదికి కాకుండా సాయంత్రం నాలుగుకే రుబ్బితే పొద్దున టిఫిను వేళకు అందుతుంది.

పైన గులాబీ, నల్ల మచ్చలు గానీ బూజు గానీ కనిపించినా, పులుపు కాకుండా కుళ్లు వాసన వచ్చినా, ఆ గిన్నె మొత్తం పారబోయాల్సిందే. మచ్చ తీసేసి మిగతాది వాడొద్దు.