భీమిలి గోడమీద నా పేరు

యూరపు చూడాలంటే ఓడెక్కనక్కరలేదు. విశాఖపట్నంలో బస్సెక్కి సముద్రం వెంబడి పాతిక కిలోమీటర్లు పోతే చాలునని మా చరిత్ర మేష్టారు అనేవారు. ఆయన వెంట నేను భీమునిపట్నం మొదటిసారి చూసి పాతికేళ్ళయింది. మొన్న నా విద్యార్థులను వెంటబెట్టుకొని మళ్ళీ వెళ్ళాను.

గోస్తనీ నది సముద్రంలో కలిసే ఈ రేవులో డచ్చివారు 17వ శతాబ్దంలో వర్తకం సాగించి, కోట కట్టుకున్నారు. 1824 నాటి ఒడంబడికతో మరుసటేడు ఊరు ఇంగ్లీషువారి పరమైంది. 1861లోనే యిక్కడ పురపాలక సంఘం వెలసింది. కోట శిథిలమైనా సమాధులు నిలిచే వున్నాయి. కోసుగా ఆకాశంలోకి లేచిన ఆ కట్టడాలు మన గుడిగోపురాలను గాని, మసీదు మినార్లను గాని పోలవు.

ఒక కుర్రవాడు పలకమీది డచ్చి అక్షరాలు కూడబలుక్కోబోయాడు. ఉప్పుగాలికి సగం అరిగిపోయాయి. పక్కనే సున్నపుపూత మీద వున్న తెలుగు పేరు మాత్రం గడగడా చదివేశాడు.

"మాష్టారూ, యిది మీ పేరే!"

నిజమే. ఆనాడు మేష్టారు అటు తిరిగినప్పుడు మేకుతో గీకింది నేనే. పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సొంత ఊరికి తిరిగిపోలేక యిక్కడి మట్టిలో కలిసినవాడి పేరు చెరిగిపోతూంది. సాయంత్రం బస్సుకే యింటికి చేరుకున్నవాడి పేరు చెక్కుచెదరలేదు!

భీమిలి వెళ్ళే పాఠకులకు ఆ పేరు కనిపిస్తే, నన్ను తిట్టుకోండి. పక్కన మీ పేరు మాత్రం చేర్చకండి.