వరద పటములు: అవి చూపునవి, చూపనివి

2009వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర పొంగి మంత్రాలయమును ముంచెత్తిన సంగతి ఏటిగట్టు గ్రామములవారు మరచినవారు కారు. ఆ దినములలోనే కర్నూలు నగరమును సయితము నీట మునిగినది. దారులు తెగినప్పుడు ఏ పల్లె మునిగినదో, ఏది మిగిలినదో కచేరీలో కూర్చున్నవారికి ఎట్లు తెలియును? ఈ పనికే ఉపగ్రహములు తీసిన చిత్రములనుండి వరద పటములు తయారు చేయుచున్నారు. మన దేశమున ఈ కార్యము హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగు కేంద్రమువారిది. ఇస్రోవారు 2009 ఆగస్టులో ఆరంభించిన ‘భువన్’ పటములను సెల్‌ఫోనులో ఎవరైనను తెరచి చూడవచ్చును.

వరద కాలమున ఆకాశము మబ్బు కమ్మియుండును గదా! సాధారణపు కెమెరాకు మబ్బు అడ్డము. అందుచేత రాడారు గల ఉపగ్రహములను వాడుదురు. రాడారు తన తరంగములను తానే పంపి, నేలను తాకి మరలివచ్చిన వానిని పట్టుకొనును. దానికి రాత్రియు పగలును ఒక్కటే. బీడు, పైరు, ఇండ్లు గరుకైనవి గావున కొంత తరంగమును వెనుకకు పంపును. నిలిచిన నీరు అద్దమువలె నుండి వచ్చినదానిని ఆవలికి జార్చివేయును. కనుక చిత్రమున నీరు నల్లగా కానవచ్చును. వరదకు ముందటి చిత్రముతో పోల్చి, చెరువులు, ఏరు మొదలగు నిత్యపు నీటిని తీసివేసినచో, మిగిలిన నలుపే ముంపు. దానిపై గ్రామపు ఎల్లలను, దారులను పరచినంతట పడవ ఎక్కడికి పంపవలెనో తేలును. మన రాడారు ఉపగ్రహము రిశాట్-1 2012 ఏప్రిల్‌లోను, అమెరికావారితో కలిసి నిర్మించిన నిసార్ 2025 జూలైలోను ఎగిరినవి.

పటము ముంపునకు ముందు కూడ పనికివచ్చును. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి హోస్పేట వద్ద తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోగా, కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలములవారిని జాగ్రత్తగా నుండుడని హెచ్చరించిరి. నేల ఎత్తుపల్లములు గుర్తించిన పటమున్నచో, ఇన్ని వేల క్యూసెక్కులు వదలిన ఏ పల్లె అంచు తడియునో ముందే లెక్క వేయవచ్చును. అప్పటికి వారము దినములలో ఆ ఖాళీని పలకలతో మూసిరి, గండము గడచినది.

ఇక చూపని సంగతులు. ఇవియే రైతునకు ముఖ్యము. ఈ ఉపగ్రహము మన పొలముపై నిలిచియుండునది కాదు. కొన్ని దినముల కొకమారు దాటిపోవును. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో వంక పొంగి నాలుగు గంటలలో తీసిపోయినచో, అది వచ్చునప్పటికి నల్లరేగడిలో బురద తప్ప నీరుండదు. పటమున ఆ చేను క్షేమమే. చేనిలో ప్రత్తి వేరు కుళ్లుచుండును. పటము గీసినవారి తప్పు కాదిది. ఆకాశమునుండి చూచువానికి వేరు కనబడునా? దట్టమైన పైరు క్రింది నీరు కూడ తరచుగా దొరకదు. ఇసుక మేట సంగతియు నంతే. మేట 3 అంగుళములకు మించినప్పుడే దానిని తొలగించుటకు విపత్తు నిధినుండి సహాయము లభించును. ఆ మందమును కొలబద్దతో కొలువవలసినదే.

మన సీమకు వరదకంటె కరవే పాత చుట్టము. 2023 ఖరీఫులో రాష్ట్రమున కరవు మండలములుగా ప్రకటించిన 103లో 24 కర్నూలు జిల్లావి. కరవు లెక్కలో వర్షముతోపాటు ఉపగ్రహము చూచిన పచ్చదనమును కూడ చేర్చుదురు. కాని వంకల వెంట, బీళ్లలో సర్కారుతుమ్మ ఎండకాలమునను పచ్చగానే యుండును! వేరుశనగ మాడిపోయినను కంప పచ్చదనము లెక్కను కొంత పెంచవచ్చును. అందుకే 2016 నాటి కేంద్ర నియమావళి ప్రకారము, ఎంచిన గ్రామములలో పొలములను కంటితో చూచి నిర్ధారింపవలెను. ఆ పరిశీలకులు వచ్చిన దినమున సంఘ సభ్యులు చేను వద్ద నుండుట అవసరము.

పంట నష్టము 33 శాతమునకు తగ్గనప్పుడే పెట్టుబడి సహాయమునకు అర్హత. ప్రకృతి వైపరీత్యమున పంట ఋణముల గడువు మార్చుటకును ఇదే కొలత. అందుచేత విత్తిన వెంటనే ఈ-క్రాప్‌లో సర్వే నంబరుతో పంటను నమోదు చేయించుకొనవలెను. కౌలుదారులు దీనిని ఉపేక్షించుచున్నారు. తరువాత సొమ్ము పట్టాదారు పేర వచ్చినదని వగచుచున్నారు. నీరు వచ్చిన దినముననే, స్థానము, వేళ నమోదగునట్లు సెల్‌ఫోనుతో నాలుగు దిక్కుల ఫోటోలు తీసి, మేట యున్నచో కొలబద్దను అందు నిలిపి మరియొకటి తీసి, నకళ్లు సంఘ కార్యదర్శివద్ద నుంచవలెను. నీరు తీసిన మరునాడు తీసిన ఫోటోకు అంత బలము లేదు.