నీటివాలు వెంట సైకిల్ దారులు

శ్రీరామసాగర్ జలాశయం నిండితే నీటిమట్టం 1,091 అడుగులు. అక్కడ బయల్దేరిన కాకతీయ కాలువ 146 కిలోమీటర్లు నడిచి కరీంనగర్ దగ్గర దిగువ మానేరులో కలుస్తుంది. ఆ జలాశయం నిండు మట్టం 920 అడుగులు. తేడా 171 అడుగులు, అంటే 52 మీటర్లు. సగటున కిలోమీటరుకు 36 సెంటీమీటర్లు, మూరెడు కూడా లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టూ సులువుగా సైకిల్ తొక్కాలనుకునేవాళ్లు మొదట చూడాల్సిన లెక్క ఇది.

వాలు ఎందుకంత ముఖ్యం? మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు అనుకుందాం. చదును రోడ్డు మీద గంటకు 15 కిలోమీటర్ల వేగానికి సుమారు 50 వాట్ల శక్తి చాలు. నూరు మీటర్లకు ఒక్క మీటరు ఎత్తు పెరిగితే అదే వేగానికి మరో 33 వాట్లు కావాలి. కంటికి చదునుగానే కనిపించే రోడ్డు మీద ఆయాసం రావడానికి కారణం ఇదే. కాలువ సగటు వాలు ఆ ఎత్తులో సుమారు ఇరవై ఎనిమిదో వంతే కాబట్టి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కాళ్లకు తేడా తెలియదు.

ఈ నేల చదునుకు ఇంకా గట్టి రుజువు వరద కాలువ. శ్రీరామసాగర్ నుంచి మధ్యమానేరు దాకా 122 కిలోమీటర్లు తవ్విన ఈ కాలువలో నీళ్లను వెనక్కి కూడా నడిపించారు. రాంపూర్, రాజేశ్వరరావుపేట, ముప్కాల్ అనే మూడు చోట్ల పంపులు పెట్టి, కాళేశ్వరం పథకం నీళ్లు 70 కిలోమీటర్లకు పైగా ఎదురు నడిచి శ్రీరామసాగర్ చేరేలా ఏర్పాటు చేశారు. మూడే మూడు ఎత్తిపోతలతో నీళ్లు ఎదురెక్కే నేల మీద మనిషి తొక్కలేకపోవడమేమిటి! హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. అది ఖర్చు పెట్టి వేసుకున్న దారి. ఇక్కడ చదును చేసే పని కాలువ ఎప్పుడో చేసిపెట్టింది, మనం దాన్ని దారిగా చూడడమే మిగిలింది.

అయితే కాలువ కట్ట మీద బాట సైకిల్ కోసం వేసింది కాదు. పక్కన గోడ ఉండదు, కాలువ లోతు, నీళ్లు వదిలినప్పుడు ఉరవడి ఎక్కువ. పిల్లలను కట్ట మీదికి తీసుకుపోవద్దు, చీకట్లో ఎవరూ పోవద్దు. వాన పడ్డ మర్నాడు రేగడి మన్ను మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగదు. తుమ్మముళ్లకు పంక్చర్ కాక మానదు, అందుకని గాలి పంపు, అదనపు ట్యూబు వెంట ఉండాలి.

పిల్లలతో బయల్దేరేవాళ్లకు జగిత్యాల కోట మేలు. 1747లో కట్టిన ఈ కోట నక్షత్రం ఆకారంలో ఉంటుంది, చుట్టూ కందకం. నిర్మాణంలో ఫ్రెంచి ఇంజినీర్ల చేయి ఉందని చెబుతారు. ఎత్తయిన కొండ మీద కాకుండా నేల మీదే కట్టిన కోట కావడం సైకిల్‌కు కలిసొచ్చింది. అక్కడి నుంచి పొలాస ఏడెనిమిది కిలోమీటర్లు. వ్యవసాయ పరిశోధన స్థానం, పౌలస్త్యేశ్వరాలయం అక్కడే. కాకతి రుద్రదేవుడు మేడరాజును గెలిచిన సంగతి హనుమకొండలోని 1163 నాటి శాసనంలో ఉంది, ఆ మేడరాజు ఏలిన పొలవాస ఇదే. రానూపోనూ 15 కిలోమీటర్లు, నింపాదిగా తొక్కినా గంటంపావు.

కొండగట్టు గుడికి వెళ్లే దారి సులువు దారుల్లో చేరదు. అక్కడి ఘాట్ రోడ్డు మీద 2018 సెప్టెంబరు 11న జరిగిన బస్సు ప్రమాదంలో అరవై మందికి పైగా చనిపోయారు. అంత దిగుడులో సైకిల్ బ్రేకులను నమ్మవద్దు. సైకిల్ కింద పెట్టి మెట్లదారిన నడిచి వెళ్లండి. జగిత్యాల నుంచి కోరుట్లకు 24 కిలోమీటర్లు చదునే, కానీ అది 63వ నంబరు జాతీయ రహదారి, లారీల దారి. పొద్దున్నే తప్ప నేను సిఫారసు చేయను.

వాలు కన్నా గాలి ఎక్కువ అలుపు తెస్తుంది. గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి వీస్తే అదే 15 కిలోమీటర్ల వేగానికి సుమారు 45 వాట్లు అదనం, ఇందాకటి ఎత్తు కన్నా ఎక్కువ. వానాకాలంలో గాలి పడమటి నుంచి వస్తుంది కాబట్టి ఒంట్లో సత్తువ ఉండగానే పడమరకు పోయి, తిరుగుదారిలో గాలిని వీపున పెట్టుకోవాలి. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు పొద్దు పొడిచేది 5.40 ప్రాంతంలో, ఎనిమిదికల్లా ఇల్లు చేరాలి. జనవరిలో పొద్దు 6.50కి గానీ పొడవదు, పదింటి దాకా హాయిగా తొక్కొచ్చు.

ఈ మూడు పట్టణాల చుట్టూ ఒక్కటే దారి ఎంచుకోమంటే నేను సిరిసిల్ల నుంచి వేములవాడకే ఓటేస్తాను. దూరం సుమారు 12 కిలోమీటర్లు, యాభై నిమిషాల పని. పట్టణంలో నేత సాంచాల చప్పుడు చెవిలో పడుతుండగా మొదలుపెట్టి, మానేరు ఒడ్డున బతుకమ్మ ఘాట్ చూసుకుని సాగవచ్చు. దిగువన మధ్యమానేరు నిండిన ఏడు నీళ్లు పైదాకా వచ్చి కనుచూపుమేర పరుచుకుంటాయి. ఆ నీళ్ల కింద ఊళ్లున్నాయి, ఇళ్లు విడిచిన మనుషులు ఈ చుట్టుపక్కల కాలనీల్లోనే ఉన్నారు. చివరన రాజన్న గుడి, దగ్గర్లోనే భీమేశ్వరాలయం. రెండో అరికేసరి కొలువులో ఉండి పంపకవి 941లో కన్నడ భారతం రాసింది వేములవాడ చాళుక్యుల ఈ నేల మీదే. ఆది, సోమవారాల్లోనూ శివరాత్రికీ భక్తుల బండ్లతో రోడ్డు కిటకిటలాడుతుంది, మిగతా రోజుల్లో పొద్దున్నే బయల్దేరండి.