చెక్‌పోస్టు అవతల... చిన్న తప్పా? పెద్ద నేరమా?

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లేవారికి మన్ననూరు అనగానే గుర్తొచ్చేది చెక్‌పోస్టే. రాత్రి తొమ్మిదయిందంటే గేటు పడిపోతుంది. మళ్లీ తెల్లారి ఆరింటికే తెరుస్తారు. రెండు నిమిషాలే కదా ఆలస్యమని గార్డును బతిమాలేవాళ్లు, ఎవరో పెద్దాయన పేరు చెప్పి ఫోన్ కలిపేవాళ్లు, చివరికి కార్లోనే కునుకు తీసేవాళ్లు... ఈ బాగోతం అక్కడివాళ్లకు అలవాటే.

ఆ గేటు అవతల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో 2,166 చదరపు కిలోమీటర్ల దాకా కోర్ ఏరియానే. అడవి మారినట్టే అక్కడ చట్టం లెక్క కూడా మారుతుంది. ఊళ్లో అయితే తిట్టి వదిలేసే పని, అక్కడ జైలు దాకా తీసుకెళ్లొచ్చు.

ముగ్గురిని ఊహించుకుందాం. రోడ్డు పక్కన కారాపి, నాలుగడుగులు లోపలికెళ్లి రాళ్ల పొయ్యి మీద వంట మొదలుపెట్టిన ఓ కుటుంబం. అడవి పందులు పంట తొక్కుతున్నాయని చేను చుట్టూ కరెంటు తీగ లాగిన ఓ రైతు. తేనె డబ్బాతో అడవిలోంచి వస్తున్న ఓ చెంచు అవ్వ. వీరిలో గార్డు ముందుగా ఆపేది ఎవరిని? అనుమానంగా చూసేది ఎవరిని? చాలామంది జవాబు అవ్వే. చట్టం జవాబు మాత్రం వేరు.

మనకు లేని రెండు మాటలు

అమెరికాలో పిల్లలున్న ఇళ్లలో ఈమధ్య తరచూ వినిపించే మాటలు... మిస్‌డిమీనర్, ఫెలనీ. మొదటిది చిన్న నేరం, రెండోది పెద్ద నేరం. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం ఏడాదికి మించి జైలు పడే అవకాశముంటే అది ఫెలనీ. ఈ విభజన పుట్టింది ఇంగ్లండులో. ఆ దేశం 1967లోనే దాన్ని రద్దు చేసుకుంది. అమెరికా మాత్రం వదల్లేదు. మనకు 1860లో శిక్షాస్మృతి రాసిపెట్టింది ఆంగ్లేయులే అయినా, నేరాలను ఈ రెండు పేర్లతో విడదీయలేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ పేర్లు లేవు.

మరి మన దగ్గర చిన్నదేదో, పెద్దదేదో తేల్చేదెలా? మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వారంటు లేకుండా పోలీసు పట్టుకోగలడా? పట్టుకోగలిగితే అది కాగ్నిజబుల్. బెయిలు హక్కుగా వస్తుందా? వస్తే బెయిలబుల్. రాజీతో ముగిసిపోతుందా? ముగిస్తే కాంపౌండబుల్.

ఈ మూడూ ఒకేలా నడుస్తాయనుకుంటే పొరపాటు. గట్టు తగాదాలో ఒకరు మరొకర్ని చెంపదెబ్బ కొట్టారు. అది మామూలు గాయం కింద నాన్ కాగ్నిజబుల్. స్టేషన్‌కు వెళ్తే పుస్తకంలో రాసుకుంటారు. మేజిస్ట్రేటు ఆదేశం లేనిదే దర్యాప్తు చేయకూడదు. అదే దెబ్బకు ఒక పన్ను ఊడిందనుకోండి. చట్టం దృష్టిలో అది తీవ్ర గాయం! ఏడేళ్ల దాకా శిక్ష పడే కాగ్నిజబుల్ నేరం. ఎఫ్ఐఆర్ రాయాల్సిందే. అయినా అది బెయిలబులే. పూచీకత్తు ఇస్తే విడుదల హక్కు. పూచీ పడేవాడే దొరక్క వారం గడిస్తే, ఆ మనిషిని పేదవాడిగానే భావించి సొంత బాండు మీద వదలాలని కూడా చట్టంలో రాసి ఉంది. ఈ సంగతి తెలియక చిన్న కేసుల్లో జైల్లోనే మగ్గిపోయేవాళ్లుంటారు.

ఒకే తీగ... ఎన్ని కేసులో!

అడవి దగ్గరికొస్తే వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ఉంది. అందులో గీత గీసేది ఒక్క మాట... ‘తగ్గకుండా’. మామూలు ఉల్లంఘనకు మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ‘వరకు’ అన్నారు కాబట్టి జడ్జి చేతిలో వెసులుబాటు ఉంది. ఇలాంటివాటిని అధికారి స్థాయిలోనే కాంపౌండింగ్ ఫీజు తీసుకుని ముగించే వీలూ ఉంది. ఆ ఫీజు గరిష్ఠ పరిమితిని 2022 సవరణలో రూ.25 వేల నుంచి రూ.5 లక్షలకు పెంచారు. కానీ ‘మూడేళ్లకు తగ్గకుండా’ అని రాసిన నేరాలకు ఆ తలుపు మూసేసినట్టే. ఎవరు సిఫారసు చేసినా, ఎంత కడతానన్నా రాజీ కుదరదు.

ఆ జాబితాలో ఏమేముంటాయి? మొదటి షెడ్యూలులోని జంతువులు. పులి, చిరుత అంటే అందరికీ తెలుసు. నెమలి, అలుగు, ఉడుము కూడా అందులోవే. ఉడుము మాంసం నడుము నొప్పికి మంచిదని నమ్మేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. నొప్పి తగ్గే మాటేమో గానీ, మూడు నుంచి ఏడేళ్ల జైలు మాత్రం ఖాయంగా రాసి ఉంది. పులుల అభయారణ్యంలో వేటయితే జంతువు ఏదన్న లెక్కే లేదు, కుందేలయినా అంతే. మొదటిసారికి మూడు నుంచి ఏడేళ్లు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల జరిమానా. రెండోసారి దొరికితే ఏడేళ్లకు తగ్గకుండా జైలు, రూ.5 లక్షల నుంచి రూ.50 లక్షల దాకా జరిమానా. వేటంటే చంపడమే కాదు, ఉచ్చు పెట్టడమూ వేటే. పెట్టబోవడమూ వేటే.

ఇప్పుడు మన రైతు సంగతి. అతని చేను అభయారణ్యం హద్దుకు బయటే ఉందనుకుందాం. తీగకు పంది తగిలితే ఒక కేసు. పులే తగిలితే ‘తగ్గకుండా’ కేసు. స్తంభం మీంచి దొంగ కనెక్షన్ లాగితే 2003 విద్యుత్ చట్టం కింద ఇంకొకటి. తెల్లవారుజామున బహిర్భూమికెళ్లిన పక్కింటి మనిషి తగిలి చనిపోతే..? హత్య కాని ప్రాణహరణం కింద పదేళ్ల దాకా, పరిస్థితిని బట్టి యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. తీగ ఒక్కటే. లాగిన చెయ్యీ ఒక్కటే. రాత్రి ఆ దారిన ఎవరు వస్తారన్నదాన్ని బట్టి నేరం పెరుగుతుంది. పంట పోగొట్టుకున్న మనిషి బాధ నిజమే, కాదనలేం. కానీ ఆ తీగ అతన్నీ కాపాడదు.

వంట చేసుకునే కుటుంబానికి ఇది పిక్నిక్. చట్టానికి మాత్రం రెండు తప్పులు. అభయారణ్యం గుండా హైవే మీద ప్రయాణించడానికి పర్మిట్ అక్కర్లేదు. రోడ్డు దిగి లోపలికెళితే కావాలి. నిప్పు పెట్టడం పూర్తిగా నిషేధం. ఎండాకాలం నల్లమలలో ఎండుటాకు మీద పడిన ఒక్క నిప్పురవ్వ ఏం చేస్తుందో అక్కడి బీటు ఆఫీసర్లను అడగండి.

అవ్వ నేరస్తురాలు కాదు

తేనె, వెదురు, తునికాకు, దుంపలు... ఇవన్నీ సేకరించుకుని అమ్ముకునే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం అడవినే నమ్ముకున్న గిరిజనులకు రాసిచ్చింది. మన్ననూరులో ఐటీడీఏ ఉన్నదే చెంచుల కోసం. వేటను మాత్రం ఆ చట్టం హక్కుగా ఒప్పుకోలేదు. అంటే అవ్వ తేనె డబ్బా తప్పు కాదు. దాన్ని అన్యాయంగా లాక్కుంటే, లాక్కున్నవాళ్ల మీదే కేసు పడే అవకాశముంది! గిరిజనుల అటవీ హక్కులకు అడ్డు తగలడాన్ని 2015లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో నేరంగా చేర్చారు. ఆరు నెలలకు తగ్గకుండా అయిదేళ్ల దాకా జైలు. ఇక్కడా ఉంది చూడండి, ఆ ‘తగ్గకుండా’.

‘ఒప్పేసుకో, వదిలేస్తారు’

కోర్టు వరండాలో తరచూ వినబడే సలహా ఇది. జరిమానా కట్టి సాయంత్రం బస్సుకు ఇల్లు చేరొచ్చని అంతా అనుకుంటారు. కానీ అధికారి దగ్గర కాంపౌండింగ్ ఫీజు కట్టడం వేరు, కోర్టులో నేరం ఒప్పుకుని జరిమానా కట్టడం వేరు. మొదటిదాంతో కేసు అక్కడితో ఆగిపోతుంది. రెండోది శిక్ష పడినట్టే. కట్టింది వెయ్యి రూపాయలే అయినా కాగితం మీద మీరు దోషి. రేపు అదే తప్పు మళ్లీ జరిగితే అది ‘రెండోసారి’ అవుతుంది.

కొడుకు కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు చేసేటప్పుడు ఆ కాగితం బయటికొస్తుంది. ధ్రువీకరణ పత్రంలో కేసుల వివరాలు అడుగుతారు. ‘చిన్నదే కదా’ అని ‘లేదు’ అని రాస్తే అసలు తంటా అక్కడే. 2016లో సుప్రీంకోర్టు దీనిమీద స్పష్టత ఇచ్చింది. కుర్రతనంలో చేసిన అల్పమైన తప్పును యాజమాన్యం క్షమించొచ్చు, కానీ నిజం చెప్పాల్సిందే. దాచిపెట్టడమే ఉద్యోగం పోగొట్టే కారణం కావొచ్చు.

అమెరికాలోని పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. దుకాణంలో చిన్న వస్తువు బిల్లు వేయించకుండా తెచ్చినా అక్కడ మిస్‌డిమీనరే కావొచ్చు, జైలు పడకపోవచ్చు. వీసా లెక్క మాత్రం వేరు. వలస చట్టం దొంగతనాన్ని తన కొలతతో కొలుస్తుంది. అందుకే 2010లో అక్కడి సుప్రీంకోర్టు, నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదముందేమో ముందే చెప్పడం లాయరు బాధ్యత అని తీర్పిచ్చింది. మన కొత్త చట్టమేమో అయిదు వేల లోపు దొంగతనం మొదటిసారి చేసి, సొమ్ము తిరిగిచ్చేస్తే సమాజ సేవతో సరిపెడుతోంది. అదే సొమ్ము, అదే తప్పు... దేశం మారితే తూకం మారుతోంది.

లాయరుకిచ్చే స్తోమత లేదని ఒప్పేసుకోనక్కర్లేదు. ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 నాటి చట్టం చెబుతోంది. ఫోన్ నంబరు 15100. ఏటా చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర కోసం కొద్దిరోజులే అడవి దారి తెరుస్తారు. జనం పోటెత్తుతారు. ఈసారి మీరూ వెళ్తే జేబులోని అగ్గిపెట్టెను గేటు దగ్గరే ఇచ్చేయండి.