రేడియేషన్ ప్రాంతాలలో తాత్కాలిక ప్రవేశ ద్వారాలు: కార్మికుల రక్షణలో వాటి పాత్ర

అణు విద్యుత్ కేంద్రం నడుస్తున్న రోజులలో రియాక్టరు భవనంలోనికి వెళ్లే సిబ్బంది కొద్దిమంది మాత్రమే. మరమ్మతుల నిమిత్తం కేంద్రాన్ని నిలిపివేసినప్పుడు వెల్డర్లు, ఫిట్టర్లు, పరంజాలు కట్టేవారు, శుభ్రపరచేవారు వందల సంఖ్యలో వస్తారు. వీరిలో కాంట్రాక్టు కార్మికులే అధికం. సాధారణ దినాలలో మూసి ఉంచే గదులు అప్పుడు పని ప్రదేశాలవుతాయి. అట్టి చోట్ల నెలకొల్పి, పని ముగిసిన పిదప మరొక చోటికి తరలించుటకు వీలైన ప్రవేశ నియంత్రణ ద్వారాలు వాడుకలో ఉన్నవి.

ఒక కంప్యూటరు, డోసిమీటరును చదివే పరికరం, ఒక అడ్డుకమ్మీ - స్థూలంగా ఇదే ద్వారం. కార్మికుడు శిక్షణ పొందినదీ లేనిదీ, వైద్య పరీక్ష గడువు, ఆ పనికి అనుమతి పత్రం, ఇంకను స్వీకరించదగిన రేడియేషన్ మోతాదు అక్కడ సరిచూడబడతాయి. ఏ ఒక్కటి సరిపడకున్నా అడ్డుకమ్మీ తెరచుకోదు. వెలుపలికి వచ్చినప్పుడు ఆనాటి మోతాదు అతని పేర జమ అవుతుంది. కార్యాలయాలలోని హాజరు యంత్రం మనిషి వచ్చిన వేళను మాత్రమే చెప్పగలదు. ఇది అతడు ఏమి మోసుకొని వెళ్తున్నాడో కూడా చెబుతుంది.

మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి నిర్దేశించిన మేరకు ఈ వృత్తిలోని వారికి మోతాదు ఐదు సంవత్సరాలలో 100 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క సంవత్సరంలోనైనా 30 మిల్లీసీవర్టులు మించరాదు. ఛాతీపై ధరించే టి.ఎల్.డి. బ్యాడ్జిని ప్రయోగశాలలో చదివిన పిదప గాని అంకె తెలియదు. కనుకనే అప్పటికప్పుడు హెచ్చరించే ఎలక్ట్రానిక్ డోసిమీటరు అవసరమైనది. పాత్రికేయ మిత్రులకు ఒక మనవి. గంటకు ఇన్ని మిల్లీసీవర్టులు అనునది ఆ చోటి తీవ్రత. ఇన్ని మిల్లీసీవర్టులు అనునది మనిషి పొందిన మోతాదు. ఈ రెండింటిని కలిపివేయరాదు.

ద్వారమే కొట్టుకుపోతే ఏమి జరుగునో జపాన్‌లోని ఫుకుషిమా దైచి కేంద్రం చూపినది. 2011 మార్చి 11 నాటి సునామీలో సుమారు 5,000 డోసిమీటర్లు పాడైపోగా, 320 మాత్రమే మిగిలినవి. ఆ నెలాఖరు వరకు కొన్ని బృందాలలో అందరికీ కలిపి ఒకే డోసిమీటరు ఇచ్చారు. మార్చి 24న మూడవ యూనిట్ టర్బైన్ భవనంలో కేబుళ్లు వేస్తున్న ముగ్గురు కార్మికులు కలుషిత జలంలో నిలిచి పనిచేశారు. డోసిమీటర్లు మోగినవి. పరికరం చెడినదని భావించి వారు పని కొనసాగించారు; ఒక్కొక్కరు పొందిన మోతాదు 170 మిల్లీసీవర్టులకు పైబడినది. తరువాత కేంద్రానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని జె-విలేజ్ ఫుట్‌బాల్ శిక్షణ ప్రాంగణం కార్మికుల రాకపోకలకు స్థావరమైనది.

పరికరాలు తిరిగి సమకూరిన పిదప కూడా మరొక లోపం బయటపడినది. 2011 డిసెంబరులో ఒక ఉప కాంట్రాక్టు సంస్థ తన కార్మికుల డోసిమీటర్లకు సీసపు తొడుగులు వేయించిన సంగతి 2012 జూలైలో వెల్లడైనది. పరిమితి దాటినవాడు పని మానవలసి ఉండడమే ఇందుకు మూలం. ద్వారం డోసిమీటరు చెప్పిన అంకెనే నమ్ముతుంది. ఆ అంకెను గది తీవ్రతతోను, పనిచేసిన గంటలతోను పోల్చి చూడవలసినది రేడియేషన్ రక్షణ అధికారి. పరిమితికి చేరువైన కార్మికునికి కూలి తగ్గకుండా వేరొక చోట పని చూపే షరతు కాంట్రాక్టులో ఉన్నదీ లేనిదీ తనిఖీ అధికారులు ముందుగా పరిశీలించదగిన అంశం.