ఎక్స్‌రే గది నుంచి పాత ఇనుము కొట్టు దాకా

ఆత్మకూరులో ఎవరైనా ఎక్స్‌రే సెంటరు పెట్టాలంటే మున్సిపాలిటీ గడప తొక్కాలి, వనపర్తిలో జిల్లా వైద్య ఆరోగ్య శాఖ గడపా తొక్కాలి. యంత్రం స్విచ్చి వేయడానికి కావలసిన అనుమతి మాత్రం వనపర్తిలోనూ దొరకదు, హైదరాబాదులోనూ దొరకదు. ముంబైలో అణుశక్తి నగర్‌లో ఉన్న అణుశక్తి నియంత్రణ మండలి ఇవ్వాలి. దరఖాస్తు ‘ఈ-లోరా’ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో పెట్టుకోవాలి. గది ఎలా ఉండాలో చెప్పేదీ ఆ మండలే: తొమ్మిదంగుళాల ఇటుక గోడ, తలుపుకు సీసపు రేకు, కిటికీ ఉంటే బయట నడిచే మనిషి తలకన్నా ఎత్తులో.

ఆ గదిలో పనిచేసే టెక్నీషియన్ చొక్కాకు అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఒక బ్యాడ్జీ తగిలించి ఉండాలి. అందులోని చిన్న బిళ్లలు ఒంటికి తగిలిన కిరణాల శక్తిని పట్టి ఉంచుకుంటాయి. మూడు నెలలకోసారి ల్యాబుకు పంపితే అక్కడ వాటిని వేడి చేస్తారు. పట్టి ఉంచిన శక్తి వెలుగై బయటికి వస్తుంది, ఆ వెలుగును కొలిస్తే మోతాదు తెలుస్తుంది. ఉద్యోగికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించకూడదు. గోడ అవతల కిరాణా కొట్లో కూర్చున్న మనిషికి ఏడాదికి 1 మాత్రమే. తొమ్మిదంగుళాల గోడ అడిగేది అతని కోసమే.

ఇదంతా ఢిల్లీ, ముంబైల చేతిలో ఎందుకుందంటే రాజ్యాంగం అలా రాసింది. ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 6వ అంశం అణుశక్తి, దానికి కావలసిన ఖనిజాలు. రాష్ట్ర జాబితాలో 6వ అంశం ప్రజారోగ్యం, ఆస్పత్రులు. ఎక్స్‌రే గది ఈ రెండింటి కిందకూ వస్తుంది. 1962 అణుశక్తి చట్టం కింద 1983 నవంబరు 15న నియంత్రణ మండలి ఏర్పడింది. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం చెన్నైలో ఉంది. చెన్నై నుంచి ఊరూరా తిరిగి ప్రతి ఎక్స్‌రే గదినీ చూసి రావడం అయ్యే పని కాదు.

అందుకే ప్రతి రాష్ట్రంలోనూ రేడియేషన్ భద్రతా డైరెక్టరేటు పెట్టాలన్న ఆలోచన వచ్చింది. అధికారులు రాష్ట్రం వాళ్లు, తనిఖీ చేసే అధికారం మండలి అప్పగించేది. 2001లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. పదకొండేళ్ల తర్వాత కాగ్ లెక్క తీస్తే కేరళ, మిజోరంలలోనే డైరెక్టరేట్లు కనిపించాయి. దేశంలోని 57,443 ఎక్స్‌రే కేంద్రాల్లో 52,173 మండలి దగ్గర నమోదే కాలేదని 2012 నాటి ఆ నివేదిక తేల్చింది. నూటికి తొంభై ఒకటి! ఆ తర్వాత నమోదులు పెరిగాయి, నిజమే. కానీ నమోదు వేరు, గోడ మందం కొలిచి చూడటం వేరు. ఆ రెండో పని జిల్లాకు దగ్గరగా ఉన్నవాళ్లే చేయగలరని నా గట్టి నమ్మకం.

అసలు ఖనిజం సంగతికొస్తే రాష్ట్రానికి మాట చెల్లే దారి ఇంకొకటి ఉంది. 2019 మేలో కేంద్ర అటవీ సలహా సంఘం నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచుపెంటల నుంచి హైదరాబాదు దాకా జనం కదిలారు. సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానించింది. యురేనియం కేంద్రానిది. అడవి, దాన్ని కాచే సిబ్బంది, కృష్ణలో కలిసే ఆ వాగుల నీళ్లు తాగే జనం ఇక్కడివాళ్లు.

నాకు అంతకన్నా ఎక్కువ దిగులు పుట్టించేది పాత ఇనుము కొట్టు. ఎక్స్‌రే యంత్రంలో రేడియోధార్మిక పదార్థమేదీ ఉండదు. కరెంటు తీస్తే కిరణం ఆగిపోతుంది. కోబాల్టు, సీజియం, ఇరిడియం అలా కాదు, వాటికి స్విచ్చి లేదు. 2019 జనవరిలో రాజమహేంద్రవరం ఓఎన్‌జీసీకి చెందిన సీజియం-137 పెట్టె ఒకటి కనబడకుండా పోయింది. బావి లోపలికి గామా కిరణాలు పంపి రాతి సాంద్రత కొలవడానికి వాడే మూలకం అది. రోజుల తరబడి వెతికితే అప్పటి కృష్ణా జిల్లా కలిదిండిలో ఒక పాత సామాన్ల కొట్లో దొరికింది. లైసెన్సు ఇచ్చింది ముంబై అయినా వెతికింది రాష్ట్ర పోలీసులు. సీజియం సగానికి తగ్గడానికి 30 ఏళ్లు పడుతుంది. దొరక్కపోయి ఉంటే 2049లోనూ అందులో సగం మిగిలే ఉండేది.

2010లో ఢిల్లీ మాయాపురిలో అంత అదృష్టం లేకపోయింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 1985 నుంచి మూలన పడున్న గామా యంత్రాన్ని ఫిబ్రవరిలో వేలం వేశారు. తుక్కు కొట్లో దాన్ని విప్పారు, లోపలి కోబాల్టు-60 కడ్డీలను ముక్కలు చేశారు. పలువురు ఆస్పత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. కోబాల్టు సుమారు ఐదేళ్ల మూడు నెలలకు సగమవుతుంది. అంటే పాతికేళ్లలో దాని శక్తి దాదాపు ఇరవై ఏడో వంతుకు పడిపోయింది. ఆ మిగిలిందే ఒక ప్రాణం తీసింది.

అలాంటి కబురు జిల్లాకు వచ్చిన నాడు 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా సంస్థకు అధ్యక్షుడు కలెక్టరు. 2016 అక్టోబరు 11న వనపర్తి జిల్లా అయ్యాక ఆ కలెక్టరు ఆత్మకూరుకు మరింత దగ్గరయ్యారు. కలెక్టరేటులో రేడియేషన్ కొలిచే మీటరు ఒకటి, దాన్ని వాడటం వచ్చిన మనిషి ఒకరు ఉండాలి. పోలీసు స్టేషనులో, పాత ఇనుము కొట్లలో పసుపు మీద మూడు రెక్కల రేడియేషన్ హెచ్చరిక గుర్తు బొమ్మ అంటించి ఉండాలి. ఆ గుర్తున్న పెట్టె గానీ, సైజుకు మించి బరువు తూగే సీసపు డబ్బా గానీ కొట్టుకు వస్తే సుత్తి వేయకూడదు, కట్టరు పెట్టకూడదు, చేత్తో ముట్టకూడదు. వెనక్కి జరగాలి: దూరం రెట్టింపైతే మోతాదు నాలుగో వంతుకు తగ్గుతుంది. జనాన్ని దూరంగా పంపి 112కు ఫోన్ చేయాలి. పెట్టె ఎవరు తెచ్చారో, ఏ దారిన తెచ్చారో గుర్తు పెట్టుకుని పోలీసులకు చెప్పాలి.